వార్షిక నివేదిక: ‘డ్రైవింగ్‌లో ఉన్నా, పర్లేదు చెప్పు’

గౌరవ సభ్యులకు నమస్కారం.

మొక్కలు నాటడం, రక్తదాన శిబిరం, పిల్లల ఆటల పోటీలు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒక్క పని గురించే రాస్తున్నాను. బండి నడుపుతూ ఫోన్ వాడటం మాన్పించాలని మనం చేసిన ప్రచారం అది. అందులో కొంత బాగా నడిచింది, కొంత నవ్వులపాలైంది.

మొదట పోస్టర్లు వేశాం. గేటు దగ్గర అంటించిన పోస్టర్‌ని ఒక సభ్యుడు స్కూటర్ ఆపకుండానే ఫోటో తీసి, ‘మంచి ప్రయత్నం’ అని మన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పేరు రాయడం లేదు, ఆయన ఈ సభలోనే ఉన్నారు. పోస్టర్లతో అయ్యే పని కాదని ఆ రోజే తేలిపోయింది.

తర్వాత తాడు కొలిచాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. మెసేజ్ చదివి ‘ఓకే’ అని కొట్టడానికి 5 సెకన్లు వేసుకున్నా 83 మీటర్లు. బ్రేక్ వేశాక బండి ఆగడానికి పట్టే దూరం ఇందులో కలపలేదు. అంత పొడుగు తాడు హాల్లో పరవబోతే చాల్లేదు. గుమ్మం దాటి, మెట్లు దిగి, ఆటస్థలం చివరిదాకా వెళ్ళింది. అందరినీ దాని వెంట నడవమన్నాం. సగం దూరం నడిచాక ఒక పెద్దావిడ ఆగి, "ఇదంతా కళ్ళు మూసుకుని పోయినట్టేనా?" అన్నారు. అవునన్నాం. వెంటనే కొడుక్కి చెబుదామని సంచిలోంచి ఫోన్ తీశారు. వాడు ఆ టైములో బండి మీద ఉంటాడని గుర్తొచ్చి మళ్ళీ లోపల పెట్టేశారు.

అసలు గొడవ బ్లూటూత్ దగ్గర వచ్చింది. చేతులు స్టీరింగ్ మీద, కళ్ళు రోడ్డు మీద ఉంటే ఇంక తప్పేముందని చాలామంది వాదించారు. నేనూ ఆ జట్టులోనే ఉన్నాను, నా కారులో వాడేది అదే కాబట్టి. ఫోన్ వాడే డ్రైవర్లకు ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఎక్కువని, చేత్తో పట్టుకోనంత మాత్రాన పెద్ద తేడా ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1997లో కెనడా పరిశోధకులు ప్రమాదాలకు గురైన డ్రైవర్ల ఫోన్ బిల్లులు తిరగేసి చూసినప్పుడూ లెక్క దాదాపు ఇంతే వచ్చింది. చాలా దేశాల చట్టాలు చేత్తో పట్టుకునే ఫోన్‌నే నిషేధించాయి. చెవిలో పెట్టుకుంటే ఏమీ కాదన్న ధీమా మనకు అక్కడినుంచే వచ్చిందేమో అని నా అనుమానం.

అయినా అంకెలకు ఎవరూ లొంగలేదు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన లేచి చెప్పిన మాటకు లొంగారు. "పక్క సీట్లో మనిషి కూడా మాట్లాడతాడు. కానీ ఎదురుగా లారీ వస్తే అతనికీ కనపడుతుంది, టక్కున నోరు మూసుకుంటాడు. ఫోన్లో ఉన్నవాడికి లారీ కనపడదు. సరిగ్గా అప్పుడే ‘వింటున్నావా?’ అంటాడు." ఆ తర్వాత హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. హెల్మెట్‌లో ఫోన్ ఇరికించుకునే కుర్రాళ్ళు కూడా.

ఆ మాటతోనే మా ప్రచారం దారి మారింది. అప్పటిదాకా ఎత్తేవాళ్ళకే చెబుతూ వచ్చాం, చేసేవాళ్ళ సంగతి పట్టించుకోలేదు. బండి మీద ఉండగా ఎత్తిన కాల్స్ ఎవరివో ఫోన్లో చూసుకోమని సభ్యులను అడిగాం. ఎక్కువగా ఇంటివాళ్ళవి, తర్వాత ఆఫీసువి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, కొన్ని మన సంఘానివి. కిందటి సర్వసభ్య సమావేశానికి కుర్చీలు ఎన్ని కావాలో అడగడానికి నేనే ఒక సభ్యుడికి చేశాను. "డ్రైవింగ్‌లో ఉన్నా, పర్లేదు చెప్పు" అన్నారాయన. నేను చెప్పాను. కుర్చీల రంగు దాకా వెళ్ళింది మాట.

అందుకని కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. సంఘం తరఫున ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న "బండి మీద ఉన్నారా?" అన్నదే. అవునంటే, అవతలివారు పర్లేదన్నా సరే, పెట్టేయాలి. దీనివల్ల కొందరు నొచ్చుకున్నారు. కార్యదర్శికి పొగరెక్కిందని కూడా విన్నాను. మరో సభ్యుడైతే, ఈ పద్ధతి ఇంట్లోనూ మొదలైందని, భార్య మాట మధ్యలోనే ఫోన్ పెట్టేస్తోందని ఫిర్యాదు రాసిచ్చారు. దాన్ని ఫైల్లో భద్రంగా ఉంచాం.

వచ్చే ఏడాది డ్రైవింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు ఆ తాడు మళ్ళీ పరిచి చూపించాలని ఉంది. సభ్యుల ఆమోదం కోరుతున్నాను.

చివరిగా ఒక మనవి. వచ్చే సమావేశానికి దారి తెలియనివాళ్ళు బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. తప్పిపోతే బండి పక్కన ఆపి చేయండి. నడుపుతూ చేస్తే దారి చెప్పం, ఆలస్యమైనా ఫరవాలేదు, మీరు వచ్చేదాకా హాజరు పట్టీ మూయం.

ఇట్లు,
కార్యదర్శి