బూజు పట్టిన పల్లీలు కడిగి వాడకండి
అందరికీ నమస్కారం. పల్లీలకో మొక్కజొన్నకో కాస్త బూజు పడితే కడిగి, ఎండబెట్టి వాడేస్తుంటాం. దయచేసి ఆ పని చేయకండి. ఆస్పర్‌జిల్లస్ రకం బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాక, దాణాలోని వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది.

ఒకేసారి ఎక్కువగా ఒంట్లోకి వెళ్తే కామెర్లు, లివర్ ఫెయిల్యూర్. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి వెళ్తే లివర్ క్యాన్సర్. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ, మీరు మరీ జాగ్రత్త! పారేయడం ఎందుకని పశువులకూ వేయకండి, పాలలోకి వచ్చేస్తుంది.

గింజ ముడుచుకుపోయి, రంగు మారి, నోట్లో వేసుకుంటే చేదుగా ఉంటే వెంటనే ఊసేయండి. బాగా ఆరాకే డబ్బాలో పోయండి.