శనివారం ఫ్రెషర్స్ డే: ప్లేట్లు, గ్లాసుల సంగతి

ఫ్రెండ్స్, పోయిన ఏడాది ప్లాస్టిక్ ప్లేట్లలో వడ్డించాం. మర్నాడు గ్రౌండ్ వెనక ఎవరో వాటిని తగలబెడితే ఆ కంపు హాస్టల్ దాకా వచ్చింది. తప్పు మనదే. అసలు ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. షాపులో దొరుకుతున్నాయి కదా అని కొనకండి.

పేపర్ గ్లాసులైతే పర్లేదు కదా అని నిన్న ఒకరు అడిగారు. వాటి లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీ పోయగానే మెత్తబడిపోతాయి. ఆ పూత మట్టిలో కలవదు, రీసైకిల్ చేయడమూ కష్టమే. అందుకే మెస్‌లో స్టీలు గ్లాసులు అడిగాం, ఇస్తామన్నారు. కడగడానికి ఆరుగురు కావాలి. (ఫొటోలకైతే అరవై మంది వస్తారు, తెలుసు.)

భోజనానికి అడ్డాకు విస్తళ్లు. కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ షీటు అంటిస్తున్నారు, తిప్పి చూసి తీసుకోండి. తిన్నాక విస్తరి, మిగిలిన అన్నం పచ్చ బుట్టలోనే వేయాలి. అందులో వాటర్ బాటిల్ పడితే మళ్లీ మనమే చేత్తో ఏరాలి.

ఫ్లెక్సీ ఆర్డర్ ఇచ్చినవాళ్లు ఈ రాత్రికే క్యాన్సిల్ చేయండి, బ్యానర్ గుడ్డ మీద రాయిద్దాం. గ్లాసులు కడిగేవాళ్లు కింద పేరు పెట్టండి.