నిమజ్జనం అయినంక షాప్ వారానికి మూడు రోజులే, ఎందుకో చెప్తా

అందరికీ నమస్తే. హైదరాబాద్ చిక్కడపల్లిలో మన డీటీపీ షాప్‌కి (కంప్యూటర్‌లో టైప్ చేసి, డిజైన్ చేసి ప్రింట్‌కు పంపే షాప్) వచ్చే అన్నలకు, అక్కలకు, ఓనర్ అంకుల్స్‌కు. టైమ్ లేనోళ్ళ కోసం అసలు ముచ్చట ముందే చెప్తున్న: గణేష్ నిమజ్జనం అయిపోయినంక షాప్ సోమ, మంగళ, బుధ మాత్రమే. మిగతా రోజులు నేను గోడల మీద, బోర్డుల మీద చేత్తో అక్షరాలు రాసే పనికి పోతా. అవును, బ్రష్షు, డబ్బా, నిచ్చెన, అదే పని. పైసలు ఎక్కువైనయా లేకుంటే పిచ్చి ముదిరిందా అనుకుంటున్నరు కదా, మొదటిదైతే కాదు.

మీలో చాలామందికి తెల్వదు, నేను కంప్యూటర్ ముందు కూర్చోకముందు ముషీరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న. పదో తరగతి ఎండాకాలం సెలవుల్లో. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్ల బ్యానర్లకు పేర్లు రాసిన చెయ్యి ఆయనది, ఒకే బోర్డు మీద ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి రాసుకుంటూ వచ్చి నడుమ ఇంగ్లీష్ కూర్చోబెట్టేటోడు. మొదటి నెల నాకు బ్రష్ ఇయ్యలే. టర్పెంటైన్‌లో బ్రష్‌లు కడుగుడు, దారానికి సుద్దపొడి పట్టించి రెండు కొనలు పట్టుకొని టప్పున కొట్టి గోడ మీద గీత వేసుడు, అంతే. తర్వాత నెలంతా ఒక్క ‘శ్రీ’. ఆ క్రావడి, అంటే ర ఒత్తు, ఒక్క ఊపులో తిరగాలె, నడుమ ఊపిరి తీస్తే అక్కడ గీత వణుకుతది, ఉస్తాద్ దూరం నుంచే చూసి ‘ఇక్కడ ఊపిరి తీసినవ్’ అని వేలు పెట్టి చూపించేటోడు.

ఇంకో సంగతి, తెలుగు బోర్డుకు కింద జాగ వదలాలె. ఇంగ్లీష్ అయితే రెండు అడుగుల పట్టీలో రెండు అడుగులూ నింపేయొచ్చు, మనకు ఒత్తులు కిందికి దిగుతయి. ‘క్లాత్ స్టోర్స్’ అని రాసి చూడండి, మూడు చోట్ల కిందికి పోవాలె. కొత్తోళ్ళు ఈ లెక్క మరిచి ఒత్తుల్ని చీమలంత చేసి ఇరికిస్తరు.

తర్వాత ఫ్లెక్స్ మెషిన్లు దిగినయి. మాకు రెండు రోజులు పట్టే బోర్డు ఫొటోతో సహా నిమిషాల్లో బయటికి వచ్చుడు మొదలైనంక ఎవరు ఆగుతరు. నాన్న పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్స్ నేర్చుకోమన్నడు, నేర్చుకున్న. ఆయన తప్పేం లేదు, ఇద్దరు పిల్లల ఫీజులు ఆ కంప్యూటరే కట్టింది. కానీ ఒకరోజు ఉస్తాద్ నా షాప్‌కే వచ్చిండు, మనవరాలి పెండ్లికి ఫ్లెక్స్ కావాలని. ‘మీరే రాయొచ్చు కదా ఉస్తాద్’ అంటే నవ్వి ‘జల్దీ కావాలె బేటా’ అన్నడు. డిజైన్ పైసలు తీసుకోలే, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలే.

అప్పుడే మొదలుపెట్టాల్సింది. పెట్టలే. పిల్లలు పెద్దయినంక అనుకున్న, రూమ్ అద్దె తగ్గినంక అనుకున్న (చిక్కడపల్లిలో అద్దె తగ్గుడు!), 2022 జూలైలో 100 మైక్రాన్ల లోపు మందం ఉన్న పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లు బంద్ అన్నప్పుడు ఇగ మళ్ళీ బ్రష్షుకు రోజులొస్తయని సంబరపడ్డ, అదీ కాలే. అసలు నవ్వొచ్చే సంగతేందంటే బ్యానర్ ఆర్డర్ ఇచ్చేటోళ్ళను నేను ఫస్ట్ అడిగేది ‘అన్నా, జీహెచ్ఎంసీ పర్మిషన్ ఉందా’ అని, వాళ్ళేమో ‘కట్టినంక చూస్కుందాం తీ’ అంటరు. ఇన్నేండ్లు ఆ మాట వినుకుంటనే నేను మాత్రం ఎవరో వచ్చి నాకు పర్మిషన్ ఇస్తరని కూర్చున్న.

మూడు నెలల కింద ఒక తప్పు చేసిన, అది కూడా చెప్పాలె. ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్స్. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ కాపీ కొట్టి అను ఫాంట్‌లోకి మార్చినప్పుడు పెద్దాయన పేరులో ఒత్తు ఎగిరిపోయింది. నేను చూడలే. వాళ్ళు కూడా కట్టినంకనే చూసిన్రు. పైసలు వాపస్ ఇచ్చి రాత్రికి రాత్రి మళ్ళీ కొట్టించిన, వాళ్ళు మంచోళ్ళు, ఒక్క మాట అనలే. కానీ ఒక ‘శ్రీ’ని నెల రోజులు దిద్దినోణ్ణి, ఇప్పుడు చచ్చిపోయిన మనిషి పేరు కూడా చదవకుండా ప్రింట్‌కు పంపుతున్న.

ఆ వారమే అంబర్‌పేట్ దిక్కు ఒక సర్కారు బడి గోడకు వర్ణమాల రాసే పని ఒప్పుకున్న. ఌ, ౡ రాయాల్నా వద్దా అని హెడ్ మేడమ్‌తో పావుగంట చర్చ, చివరికి అవి తీసేసి బండి ఱ ఉంచినం. చెయ్యి మొదటి రోజు వణికింది, ‘ఈ’ రెండుసార్లు తుడిచిన. మూడో రోజు ఒక పిల్లగాడు వచ్చి చూసి ‘సార్, అచ్చం ప్రింట్ లెక్కనే ఉంది’ అన్నడు. మెచ్చుకున్నడో తిట్టిండో ఇప్పటికీ అర్థం కాలే.

ఇంట్లో మా ఆమెకు చెప్తే ‘నన్ను అడుగుతున్నవా, చెప్తున్నవా’ అన్నది. చెప్తున్న అన్న. ‘అయితే లెక్క చూపియ్’ అన్నది. లెక్క ఇదీ: మూడు నెలల్లో నాలుగు గోడలు, 22,000 వచ్చినయి, షాప్ అద్దె నెలకు 14,000. అంటే లాస్ ఖాయం. ఆరు నెలలు చూస్తం, కుదరకపోతే మళ్ళీ ఆరు రోజులూ ఇక్కడనే ఉంటా, అప్పుడు నవ్వొద్దు.

మీకు మారేదేంది? ఫ్లెక్స్, విజిటింగ్ కార్డులు, పెండ్లి పత్రికలు అన్నీ ఉంటయి, మూడు రోజుల ముందు చెప్పాలె. అడ్వాన్స్ ఇచ్చినోళ్ళ పని ఏదీ ఆగదు. మ్యాటర్ ఫొటో తీసి కాదు, టైప్ చేసి పంపండి, ప్రింట్‌కు ముందు నేనొకసారి, మీరొకసారి చదువుదాం. చేత్తో రాసే బోర్డుకు అడుగు లెక్కన కాదు, పని చూసి రేటు చెప్తా, ఫ్లెక్స్‌తో పోల్చొద్దు జర.

షాప్ షట్టర్ మీద నేనే పేరు రాసిన, తెరిచినప్పుడు కనబడదు, గురువారం వస్తే చూడొచ్చు. శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కావాల్సినోళ్ళు మాత్రం ఏ రోజైనా ఫోన్ చేయండి, నిచ్చెన మీద ఉన్నా దిగి ఎత్తుతా.