తొడుగు లేని షాఫ్టుతో గడ్డి కట్టలు కట్టించవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

వంశధార ఒడ్డున మా కాశీనగర్ ప్రాంతంలో వరి కోతలు చాలావరకు యంత్రాల చేతికి వెళ్లిపోయాయి. కోత యంత్రం వదిలివెళ్లిన గడ్డిని పశువులకు దక్కించుకోవాలంటే ట్రాక్టరు వెనుక బేలరు తగిలించి కట్టలు కట్టించుకోవలసిందే. పాతపట్నం, కొత్తూరు వైపు నుంచి కూడా ఈ యంత్రాలు మా ఊళ్లకు అద్దెకు వస్తున్నాయి. వాటిని ట్రాక్టరుకు తగిలించే తీరు చూసి భయం వేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి కోతల్లో మా పొలానికి వచ్చిన బేలరుకు పీటీఓ షాఫ్టు, అంటే ట్రాక్టరు ఇంజను శక్తిని వెనుక యంత్రానికి అందించే తిరిగే ఇరుసు, దాని మీద ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు లేదు. గ్రీజు పెట్టడానికి అడ్డం వస్తోందని తీసి ఇంటి దగ్గర పడేశామని డ్రైవరు చెప్పాడు. గడ్డి సరిగా అందుతోందో లేదో చూద్దామని మా తమ్ముడి కొడుకు వంగినప్పుడు వాడి భుజం మీది తువ్వాలు కొస షాఫ్టుకు తగిలింది. మేము కేక వేసేలోపే తువ్వాలు మొత్తం తాడులా పేనుకుపోయింది. మెడకు చుట్టుకోకుండా ఊరికే భుజాన వేసుకున్నాడు గనుక పిల్లవాడు మాకు దక్కాడు. ఆ తువ్వాలును తరవాత కొడవలితో కోసి తీయవలసి వచ్చింది.

పీటీఓ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. ట్రాక్టరు వెనుక కనిపించే ఆరు గాడుల కడ్డీ మందం సుమారు 35 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 11 సెంటీమీటర్లు. దానికి బిగించే షాఫ్టు ఇంకా లావుగా ఉంటుంది. తక్కువలో తక్కువ లెక్క వేసినా సెకనుకు మీటరు గుడ్డ లోపలికి పోతుంది. చీర కొంగైనా, లుంగీ అంచైనా అంతే. డ్రైవరు తల తిప్పి చూసి క్లచ్ తొక్కే వ్యవధి అందులో లేదు.

తగిలించేటప్పుడు మరో దురలవాటు కూడా కనిపిస్తోంది. ట్రాక్టరు వెనక్కి వస్తుండగా ఒకరు దానికీ బేలరుకూ మధ్యలో నిలబడి, రెండింటినీ కలిపే పిన్ను చేతిలో పట్టుకుని "రానీ, రానీ" అంటుంటారు. ఆ మనిషి పక్కకు, డ్రైవరుకు కనబడే చోట నిలబడాలి. ఇంజను ఆపి, బ్రేకు వేసి, తాళం తీసి జేబులో పెట్టుకున్న తరవాతే పిన్ను దించాలి. పిన్నుకు మేకో తీగో కాకుండా దాని క్లిప్పే పెట్టాలి. షాఫ్టును కడ్డీ మీదికి తోసినప్పుడు లాకు పడిన చప్పుడు వినాలి, ఆ పైన వెనక్కి గట్టిగా లాగి చూడాలి. తొడుగుకున్న చిన్న గొలుసులను కదలని భాగానికి తగిలించాలి. ఆ గొలుసు లేకపోతే తొడుగు కూడా షాఫ్టుతో పాటే తిరిగి, ఉన్నా లేనట్టే అవుతుంది. భారం ఎక్కువైతే ముందుగా తెగేలా పెట్టిన షీర్ బోల్టు తెగినప్పుడు ఇంకా గట్టి బోల్టు వేయడం కూడా తప్పే; యంత్రాన్ని కాపాడటానికే అది తెగుతుంది.

మా ఊళ్లో కూలి కట్టల లెక్కన ఇస్తాం గనుక గడ్డి ఇరుక్కున్నప్పుడు ఇంజను ఆపడానికి డ్రైవరుకు మనసొప్పదు. ఆ తొందరలో అద్దెకు తెచ్చుకున్న మా వంతు తప్పు కూడా ఉంది. నూర్పిడి యంత్రాల ప్రమాదాల కోసం 1983లోనే కేంద్రం ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. బేలర్ల విషయంలోనూ అంతటి శ్రద్ధ అవసరం. కోతలకు ముందే వ్యవసాయ శాఖ వారు అద్దె యంత్రాల తొడుగులను తనిఖీ చేయాలని, తగిలించే పద్ధతిని ఒడియాలోనూ తెలుగులోనూ బొమ్మలతో అచ్చువేసి పంచాలని కోరుతున్నాను.

తొడుగు లేని యంత్రాన్ని ఈసారి మా గట్టు దాటనివ్వనని యజమానికి ముందే చెప్పాను. కొత్తది తెప్పించి బిగిస్తానని ఆయన ఒప్పుకున్నాడు.

ఇట్లు,
ఒక వరి రైతు,
కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా