వార్షిక నివేదిక 2025: టీచర్ల జీతాలు, సమ్మెలు, మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

సాంస్కృతిక కార్యక్రమాల వివరాలు, జమాఖర్చులు కోశాధికారి పంపే పత్రంలో వస్తాయి. ఈ నివేదికను మాత్రం ఒకే విషయానికి కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. చికాగో శివార్లలో మన తెలుగు పిల్లల్లో ఎక్కువమంది చదివే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలో) ఈ ఏడాది టీచర్ల కాంట్రాక్టు గడువు ముగిసింది. కొత్త ఒప్పందం కోసం వేసవంతా చర్చలు సాగినా ఎటూ తేలలేదు. సమ్మెకు అనుమతిస్తూ యూనియన్ సభ్యులు ఓటేశారు. చివరికి సమ్మె లేకుండానే ఒప్పందం కుదిరింది గానీ, ఈలోగా మన సమావేశాల్లో పెద్ద చర్చే జరిగింది. "స్కూళ్ల కోసం ఇంత ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాం, ఇంకా చాలదా?" అని కొందరు అడిగారు. "మన పిల్లలకి రోజంతా పాఠం చెప్పే మనిషి ఇల్లు గడవక రెండో ఉద్యోగం చేయాలా?" అని మరికొందరు అడిగారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. అందుకే కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందామనుకున్నాం.

మన ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం ఇందుకు కొంత వీలు కల్పించింది. ఇక్కడ టీచర్లకు సమ్మె చేసే హక్కు ఉంది. చర్చల్లో ప్రతిష్టంభన ఏర్పడిందని ప్రకటిస్తే, యూనియనూ స్కూల్ బోర్డూ ఇచ్చిన తుది ప్రతిపాదనలను రాష్ట్ర విద్యా కార్మిక సంబంధాల బోర్డు అందరికీ కనిపించేలా ప్రచురిస్తుంది. ఆ తర్వాత రెండు వారాల దాకా సమ్మెకు దిగకూడదు. ఆ పత్రాలు ఎవరైనా చదవొచ్చన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. గతంలో వేరే డిస్ట్రిక్టుల వాళ్లు ఇచ్చిన ప్రతిపాదనలను కొన్ని తీసుకుని, లైబ్రరీ గదిలో వారాంతపు చదువు సమావేశాలు పెట్టాం. అకౌంటెంట్లు, టీచర్లు, ఇద్దరు ముగ్గురు న్యాయవాదులు వచ్చి సాయం చేశారు.

చదవగానే తెలిసిందేమిటంటే, వార్తల్లో వచ్చే శాతం ఒక్కటీ చూస్తే అసలు సంగతి అర్థం కాదు. టీచర్ల జీతం ఒక పట్టిక ప్రకారం నడుస్తుంది. సర్వీసు పెరిగే కొద్దీ అడ్డు వరుస మారుతుంది, చదువు పెరిగే కొద్దీ నిలువు వరుస మారుతుంది. మాస్టర్స్ డిగ్రీ ఉంటే ఒక నిలువు వరుస నుంచి పక్క నిలువు వరుసకు మారతారు. మూడు శాతం పెంపు అన్నప్పుడు అది ఏటా సహజంగా వచ్చే ఇంక్రిమెంటును కలుపుకునా, దానికి అదనంగానా అన్నది తెలియాలి. ఆ పెంపులో ఎంత హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కిందకు పోతుందో చూడాలి. క్లాసులో ఎంతమంది పిల్లలుంటారు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల దగ్గర సహాయకులెందరు అన్నవి కూడా ఆ కాంట్రాక్టులోనే ఉంటాయి. ఇవన్నీ నేరుగా మన పిల్లలకు సంబంధించినవే.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2019 అక్టోబరు 17న మొదలైన చికాగో సమ్మె 11 బడిరోజులు సాగింది. ఐదేళ్లలో 16 శాతం పెంపు ఇస్తామని నగరం సమ్మెకు ముందే చెప్పింది. చివరి ఒప్పందంలోనూ అదే 16 శాతం ఉంది. మరి అన్ని రోజులు రోడ్డెక్కింది దేనికి? ప్రతి స్కూల్లో నర్సు, సోషల్ వర్కర్ ఉండాలని, క్లాసులో పిల్లల సంఖ్యకు హద్దు పెట్టాలని, ఆ మాట కాంట్రాక్టులో రాసివ్వాలని. అదే ఏడాది జనవరిలో లాస్ ఏంజెలస్‌లో ఆరు బడిరోజుల సమ్మె జరిగింది. అక్కడా 6 శాతం పెంపు ముందే బల్ల మీద ఉంది, ఒప్పందంలోనూ అంతే ఉంది. మారిందల్లా క్లాస్ సైజులు, నర్సులు, లైబ్రేరియన్ల సంగతి.

2018లో వెస్ట్ వర్జీనియాలో 55 కౌంటీల్లోనూ స్కూళ్లు మూతపడటానికి జీతం ఎంత కారణమో, ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య బీమా ఖర్చు పెరగడమూ అంతే కారణం. గవర్నరుతో యూనియన్ నాయకులు ఒప్పందానికి వచ్చినా, అది చట్టసభలో గట్టెక్కేదాకా టీచర్లు వెనక్కి తగ్గలేదు. చివరికి 5 శాతం పెంపు టీచర్లకే కాదు, రాష్ట్ర ఉద్యోగులందరికీ వచ్చింది. స్కూల్లో పెట్టే భోజనం మీదే ఆధారపడ్డ పిల్లలు ఆకలితో ఉండకూడదని ఆ టీచర్లే సమ్మె రోజుల్లో భోజనం పొట్లాలు కట్టి పంచారు. మన దగ్గరా సమ్మె జరిగితే ఏం చేయాలో ఆలోచించినప్పుడు మాకు ముందు గుర్తొచ్చింది ఇదే. అలాంటి పిల్లల కోసం సభ్యులు భోజనాల బాధ్యత పంచుకుని జాబితా తయారు చేశారు. అవసరం పడలేదు, కానీ జాబితా భద్రంగా ఉంది.

పెన్షన్ మీద జరిగిన సమావేశానికి అందరికంటే ఎక్కువమంది వచ్చారు. "మన ట్యాక్సంతా టీచర్ల పెన్షన్లకే పోతోంది" అన్న మాట తరచూ వింటుంటాం. చికాగో నగరం వెలుపల టీచర్ల పెన్షన్‌కు యజమాని తరఫున కట్టాల్సిన వాటాలో ఎక్కువ భాగం రాష్ట్ర ప్రభుత్వం కడుతుంది, మన డిస్ట్రిక్ట్ కాదు. టీచర్లు తమ జీతంలో 9 శాతం కడతారు. 2011 జనవరి నుంచి చేరినవాళ్లకు పదేళ్ల సర్వీసు ఉంటేనే పెన్షన్ హక్కు వస్తుంది, పూర్తి పెన్షన్‌కు 67 ఏళ్లు రావాలి. పైగా ఈ రాష్ట్రంలో టీచర్లు ఆ ఉద్యోగంలో సోషల్ సెక్యూరిటీ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెన్షన్) కిందకు రారు. సాఫ్ట్‌వేర్‌లో చాలాకాలం పనిచేసి తర్వాత టీచరుగా మారిన మన సభ్యులకు ఇది పెద్ద దెబ్బగా ఉండేది. ఎందుకంటే, టీచర్ పెన్షన్ ఉందన్న కారణంతో అంతకుముందు సంపాదించుకున్న సోషల్ సెక్యూరిటీలో కోత పడేది. 2025 జనవరి 5న సంతకమైన చట్టంతో ఆ కోత రద్దయింది. 2024 జనవరి నుంచి రావాల్సిన సొమ్ముకూ ఇది వర్తిస్తుంది. అర్హులైనవారికి దరఖాస్తుల్లో సాయం చేశాం. ఇంకా చేయనివారుంటే వెంటనే సంప్రదించండి.

ఈ చర్చల్లో ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ లెక్క కూడా వచ్చింది. అంతే చదువున్న ఇతర ఉద్యోగులతో పోలిస్తే టీచర్ల వారం జీతం 1996లో 6.1 శాతం తక్కువ, 2022లో 26.4 శాతం తక్కువ. వారం జీతాన్నే పోల్చారు కనుక, వేసవి సెలవులుంటాయి కాబట్టే టీచర్ల జీతం తక్కువన్న వాదన ఇక్కడ నిలవదు. బీమా, పెన్షన్ల వంటివి కలిపినా తేడా 17 శాతం. పెన్షన్, ఉద్యోగ భద్రతల విలువను ఇందులో తక్కువగా కట్టారని అభ్యంతరం చెప్పే ఆర్థికవేత్తలూ ఉన్నారు. వాళ్ల వాదన కూడా చదివాం. నాకైతే తేడా ఎంతన్న దానికంటే, అది ఏళ్ల తరబడి పెరుగుతూ పోవడమే ఆందోళనకరంగా అనిపించింది.

ట్యాక్సుల విషయంలో మన మధ్య ఏకాభిప్రాయం రాలేదు, ఆ సంగతి దాచక్కర్లేదు. ఇక్కడి కౌంటీల్లో ప్రాపర్టీ ట్యాక్స్ వసూలు ఏటా 5 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే అంతకు మించి పెరగకూడదన్న చట్టం ఉంది. 2021లో ధరలు 7 శాతం పెరిగినా డిస్ట్రిక్టులు 5 దగ్గరే ఆగాల్సి వచ్చింది. దాటాలంటే రెఫరెండం పెట్టి ఓటర్లను అడగాలి. స్థిర ఆదాయం మీద బతికే మన పెద్దవాళ్లకు ఆ పరిమితి రక్షణ. స్కూల్ రేటింగ్ చూసి ఇళ్లు కొనుక్కున్న మనమే ఆ రేటింగ్‌ను నిలబెట్టే టీచర్ల కోసం రెఫరెండంలో అవునని ఓటేయాలని నేను సమావేశంలో అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఇది నా సొంత అభిప్రాయం, సంఘం తీర్మానం కాదు.

వేరే రాష్ట్రాలకు మారుతున్న సభ్యులు అడిగారు కనుక ఒక మాట: సమ్మె హక్కు అన్ని చోట్లా లేదు. న్యూయార్క్‌లో టేలర్ చట్టం దాన్ని నిషేధిస్తుంది, దిగితే జీతం కోతతో పాటు జరిమానా. మసాచుసెట్స్‌లోనూ నిషేధమే. 2024లో న్యూటన్ టీచర్లు 11 బడిరోజులు సమ్మె చేసినందుకు వారి యూనియన్ మీద పడ్డ జరిమానాలు ఆరు లక్షల డాలర్లు దాటాయి. అక్కడ ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి క్లాసులో సహాయకులుగా పనిచేసేవాళ్ల జీతాలు. మనవాళ్లలో చాలామంది మహిళలు చేస్తున్నది ఆ ఉద్యోగమే. సహాయకురాలిగా ఉన్న మన సభ్యురాలు ఒకరు తన పని గురించి చెప్పినప్పుడు, అంతదాకా ట్యాక్స్ గురించి గట్టిగా మాట్లాడినవాళ్లు కూడా ప్రశ్నలు అడిగి వివరాలు రాసుకున్నారు. స్కూల్ బోర్డు ముందు మన సంఘం తరఫున చదివిన వినతిలో సహాయకుల జీతాన్నే మొదటి అంశంగా పెట్టాం.

మనది లాభాపేక్ష లేని సంఘం కనుక బోర్డు ఎన్నికల్లో ఏ అభ్యర్థినీ బలపరచలేం. సమస్యల మీద మాట్లాడొచ్చు. కొత్త కార్యవర్గానికి రెండు పనులు అప్పగిస్తున్నాం. కుదిరిన కాంట్రాక్టును తెలుగులో క్లుప్తంగా రాసి సభ్యులకు పంపడం మొదటిది. వచ్చే రెఫరెండం మీద అనుకూల, ప్రతికూల వాదనలు రెండూ వినిపించే సభ ఏర్పాటు చేయడం రెండోది. ఈ పనుల్లో చేరదలచినవారు, ముఖ్యంగా పన్ను పెంపును వ్యతిరేకించేవారు, సర్వసభ్య సమావేశంలో పేర్లు ఇవ్వండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి