పునరుత్థాన పండుగ ఒక్క ఆదివారంతో ముగియదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఏప్రిల్ 5న జరిగిన ఈస్టర్ ప్రార్థనల ఛాయాచిత్రాలు మరునాడు జిల్లా పేజీల్లో చూసి సంతోషించాను. అయితే ఆ వార్తల్లో పండుగ ముగిసిపోయిందన్నట్టుగానే రాశారు. ఇందుకు పత్రికలను తప్పుపట్టలేను, ఎందుకంటే మా కథోలికుల్లోనే చాలామంది అలా అనుకుంటున్నారు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలమంతా ఉపవాసాలుండి, ప్రతి శుక్రవారం క్రీస్తు శ్రమలను తలచుకునే సిలువ మార్గం ప్రార్థన చేసి, శుభ శుక్రవారం నాడు మండుటెండలో సిలువ వెంట నడిచిన వాళ్లమే ఈస్టర్ మర్నాటి నుంచి మా మా పనుల్లో పడిపోతున్నాం. శ్రీసభ (కథోలిక సంఘం) పంచాంగంలో తపస్సు కాలం 40 రోజులైతే పునరుత్థాన కాలం 50 రోజులు. అది ఈ ఏడాది మే 24న, పవిత్రాత్మ శిష్యుల మీదికి దిగివచ్చినందుకు జరుపుకునే పెంతెకోస్తు పండుగ దాకా సాగుతుంది.

ఇన్ని రోజులు ఏం చేయాలన్నది ఈస్టర్ ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణ ప్రార్థనలోనే కనిపిస్తుందని నా నమ్మకం. ఆ శనివారం రాత్రి గుడి బయట కొత్త నిప్పు రాజేసి ఆశీర్వదించాక, గురువు పెద్ద క్రొవ్వొత్తి మీద సిలువ గుర్తు, ఆ సంవత్సరపు అంకెలు గీసి, క్రీస్తు ఐదు గాయాలకు గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చి, ఆ తర్వాతే దాన్ని వెలిగిస్తారు. చావును గెలిచినందుకు వెలిగించే దీపం మీద కూడా గాయాలు ఉండవలసిందే. లేచిన ప్రభువు, సందేహించిన శిష్యుడు తోమాకు చూపించింది కూడా మేకులు దిగిన చేతులనూ, ఈటె పోటు పడిన ప్రక్కనూ. శిష్యులు భూతమనుకుని భయపడితే, ఆయన తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వారిచ్చిన కాల్చిన చేప ముక్క తీసుకుని వారి ఎదుటే తిన్నాడని లూకా సువార్త చెబుతోంది. ఆత్మకు చావు లేదన్న నమ్మకం ఎన్నో మతాల్లో ఉంది. మా విశ్వాసం దానితో ఆగదు. దెబ్బలు తిన్న ఆ శరీరమే మహిమతో లేచిందనీ, మన శరీరాలకూ అదే గతి ఉందనీ ప్రతి ఆదివారం పూజలో ఒప్పుకుంటున్నాం. క్రీస్తు లేవకపోతే మా బోధా వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమేనని పౌలు కొరింతీయులకు రాసింది ఈ నమ్మకం గురించే.

యోహాను సువార్త చివరి అధ్యాయంలోని సంగతి మన తీరం వారికి విడమరిచి చెప్పనక్కరలేదు. రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడని శిష్యులు తెల్లవారుతుండగా ఒడ్డున, లేచిన క్రీస్తును చూస్తారు. ఆయన మాట మీద వల వేస్తే లాగలేనన్ని చేపలు పడతాయి. ఒడ్డుకు చేరేసరికి బొగ్గుల నిప్పు మీద చేప, పక్కనే రొట్టె సిద్ధంగా ఉంటాయి. రండి, తినండి అంటాడు. కళింగపట్నంలోనో భావనపాడులోనో ఖాళీ వలతో తిరిగొచ్చిన మనిషికి ఆ పిలుపు ఎంత విలువైనదో తెలుసు. మృత్యువును జయించినవాడు అలసిన పనివాళ్లకు పొద్దున్నే తిండి పెట్టాడు.

అందుకే ఈ 50 రోజుల్లో మా అడుగులు రోగుల ఇళ్ల వైపు పడాలని కోరుతున్నాను. 1993లో ఏర్పడిన మా శ్రీకాకుళం మేత్రాసనం (ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం) శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు విస్తరించింది. అందులోనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పాలా? వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద పడుకునే కొబ్బరితోట కూలీ చేయి చూడండి, సూదులు గుచ్చీ గుచ్చీ నరం ఉబ్బి ఉంటుంది. శరీర పునరుత్థానాన్ని నమ్మేవాళ్లకు ఆ చేయి పవిత్రమైనది. అతను ఏ మతం వాడన్న ప్రశ్న అక్కడ రాకూడదు.

మా విచారణల్లో, అంటే ఒక్కో గురువు చూసుకునే గుడి పరిధుల్లో, దివ్యసత్ప్రసాదాన్ని (పూజలో ఆశీర్వదించిన అప్పాన్ని) మంచం పట్టిన విశ్వాసులకు తీసుకువెళ్లే పద్ధతి ఉంది. దానితో పాటు యువజనులు, మరియమాత పేరిట సేవ చేసే మరియదళం సభ్యులు వంతులు వేసుకుని, ఆసుపత్రికి వెళ్లే రోగికి తోడు పోవడం, ఆ పూట ఇంట్లో పిల్లలకు వండి పెట్టడం, బస్సు ఛార్జీలకు సాయపడటం మొదలుపెడితే పెంతెకోస్తు లోగా ప్రతి విచారణకూ చేతినిండా పని ఉంటుంది. విచారణ గురువులు రాబోయే ఆదివారమే ఈ మాట ప్రసంగంలో చెప్పాలనీ, ఎక్కడైనా ఇలాంటి సేవ మొదలైతే పండుగ ఛాయాచిత్రాలకు ఇచ్చినంత చోటు దానికీ మీ జిల్లా పేజీలో కేటాయించాలనీ మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక కథోలిక విశ్వాసి,
శ్రీకాకుళం.