లిటిల్ అండమాన్ సర్ఫింగ్ ప్లాన్‌పై ఫిర్యాదు, మిగిలిన డబ్బు వాపసు కోసం

తేదీ: డిసెంబర్ 19

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: నవంబర్ 19న రద్దయిన లిటిల్ అండమాన్ ట్రిప్, రావలసిన 46,000 రూపాయలు

నమస్కారం.

‘మీ కోసమే తయారుచేసే సర్ఫింగ్ ట్రిప్’ అనే మీ సర్వీసు చూసి సెప్టెంబర్‌లో నలుగురికి బుక్ చేశాను. నేను, మా తమ్ముడు, ఇద్దరు స్నేహితులు. ప్లాన్ తయారీకి 12,000, అడ్వాన్సుగా 68,000, మొత్తం 80,000 రూపాయలు కట్టాం. డిసెంబర్ 10 నుంచి 17 వరకు ట్రిప్. నవంబర్ 19న రద్దు చేసుకున్నాం. మీరు 34,000 తిరిగి పంపి, మిగతాది ‘కస్టమర్ సొంత కారణాలతో చేసుకున్న రద్దు’ కింద మినహాయించామని రాశారు.

నా ఫిర్యాదంతా ఆ ఒక్క మాట మీదే. మాకు సొంత కారణాలేమీ లేవు. సెలవులు పెట్టుకున్నాం, సర్ఫింగ్ బోర్డులకు కొత్త సంచులు కొనుక్కున్నాం. రద్దు చేసుకున్నది మీ ప్లాన్ చదివాక. ఆ ప్లాన్ పట్టుకుని ఆ దీవికి వెళ్లడం కుదరదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఫోన్‌లో మాట్లాడిన ముగ్గురిలో ఎవరూ ఆ పీడీఎఫ్ తెరిచి చూసినట్టు నాకనిపించలేదు.

ముందుగా నెల సంగతి. మేం మొదట అడిగింది ఏప్రిల్. ఆ చాట్ జతచేశాను, చూడండి. మీ ఉద్యోగి ‘ఏప్రిల్ వద్దు మేడమ్, డిసెంబరే అక్కడ పీక్ సీజన్, సర్ఫింగ్‌కి కూడా అదే బెస్ట్’ అన్నారు. ఇదే పనిలో ఉన్నవాళ్లు చెబుతున్నారు కదా అని ఒప్పుకున్నాం. అది మా తప్పే. డిసెంబర్ అక్కడ టూరిస్టుల సీజన్. అలల సీజన్ వేరు. అండమాన్‌కు సర్ఫింగ్‌కి పనికొచ్చే పెద్ద అల ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచే తుఫానుల నుంచి వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది. అక్కడి చలికాలంలో, అంటే మనకు మే నుంచి సెప్టెంబర్ దాకా, ఆ అల బలంగా ఉంటుంది. కానీ అప్పుడే నైరుతి రుతుపవనాలు వచ్చి గాలీ వానా కలిసి నీటిని చిందరవందర చేస్తాయి. అందుకే ఆ దీవుల్లో సర్ఫింగ్ చేసేవాళ్లు మార్చి మధ్య నుంచి మే మధ్య వరకు ఉండే కాలాన్ని ఎంచుకుంటారు. అల రావడం మొదలై ఉంటుంది, గాలి ఇంకా పట్టదు. డిసెంబర్‌లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, దక్షిణం నుంచి వచ్చే అల బాగా తగ్గిపోతుంది. డిసెంబర్‌లో అసలు అలే ఉండదని నేను అనను. ఉంటే అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని వెళ్లేట్టయితే మాకు మీ ప్లాన్ ఎందుకు?

ఎవరూ పెద్దగా వెళ్లని దీవికి ట్రిప్ అంటే ప్లాన్ వేయడమే అసలు పని. హోటల్ గది మేమూ బుక్ చేసుకోగలం. ఏ నెలలో అల వస్తుంది, గాలి ఎటునుంచి వీస్తుంది, ఓడ ఎప్పుడు, ఎనిమిది అడుగుల బోర్డు అక్కడిదాకా ఎలా చేరుతుంది, ఎక్కడ అడుగు పెట్టకూడదు? ఈ నాలుగైదు సంగతులు చెబుతారనే 12,000 ఇచ్చాం.

నవంబర్ 9న 14 పేజీల ప్లాన్ వచ్చింది. ఫొటోలు బాగున్నాయి.

మూడో రోజు చూడండి. ‘సాయంత్రం 4:30 నుంచి 6:30 వరకు బట్లర్ బేలో సూర్యాస్తమయం చూస్తూ సర్ఫింగ్’ అని రాశారు. బట్లర్ బే దీవికి తూర్పు వైపున ఉంది. అక్కడ సముద్రం మీద సూర్యుడు ఉదయిస్తాడు గానీ అస్తమించడు. పైగా అండమాన్ మన దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం ఇక్కడిదే, కాబట్టి డిసెంబర్‌లో సాయంత్రం అయిదు గంటలకల్లా పొద్దు వాలిపోతుంది. మీరు మమ్మల్ని నీళ్లలోకి దింపిన అరగంటకే చీకటి పడుతుంది. మాలో ఇద్దరు ఒడ్డు దగ్గర విరిగిన అల తెల్లనురుగులో బోర్డు మీద లేచి నిలబడటం ఈమధ్యే నేర్చుకున్నవాళ్లు. చీకట్లో వాళ్లు గంటన్నర ఏం చేయాలో ప్లాన్‌లో రాయలేదు.

ఇది మొదట చదివినప్పుడు ఏదో పొరపాటు అనుకున్నాను. తొమ్మిదో పేజీకి వచ్చాక విషయం అర్థమైంది. అక్కడ ‘రాధానగర్ బీచ్ నుంచి ఆటోలో హట్ బే హోటల్‌కు తిరుగు ప్రయాణం’ అని ఉంది. రాధానగర్ ఉన్నది స్వరాజ్ ద్వీప్‌లో, పాత పేరు హావ్‌లాక్. పడమర వైపు తిరిగి ఉండే బీచ్, సూర్యాస్తమయానికి పేరున్నది. హట్ బే ఉన్నది లిటిల్ అండమాన్‌లో. రెండింటికీ మధ్య ఉన్నది సముద్రం. అంటే మీరు హావ్‌లాక్ హనీమూన్ ప్యాకేజీ ఒకటి తీసుకుని, దీవి పేరు మార్చి, ఒక చోట మార్చడం మరిచిపోయారు. ‘మీ కోసమే తయారుచేసే’ అన్న మాటకు మా తమ్ముడు ఆ రోజు నుంచి ఇంట్లో పడీ పడీ నవ్వుతున్నాడు.

ఓడ విషయానికి వస్తే నవ్వు రాదు. రెండో రోజు ‘ఉదయం 10 గంటలకు ప్రైవేట్ ఫెర్రీ, 2 గంటల 30 నిమిషాలు’ అని రాశారు. ఇదీ హావ్‌లాక్‌దే. పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, అక్కడి నుంచి హట్ బేకి జనం వెళ్లేది ప్రభుత్వ ఓడలో. ఏడెనిమిది గంటల ప్రయాణం. టికెట్లు నెలల ముందు దొరకవు, ఓడ బయల్దేరే కొద్ది రోజుల ముందే ఇస్తారు, దీవిలో ఉండేవాళ్ల అవసరాలు ముందు చూస్తారు. వాతావరణం బాగాలేకపోతే ఓడ రోజు మారుతుంది. ఇది తెలిసినవాళ్లెవరైనా అటూ ఇటూ ఒక్కో రోజు ఖాళీగా వదులుతారు. మీరు ఓడ దిగే రోజే, రెండు గంటల తేడాతో, తిరుగు విమానం పెట్టారు.

నవంబర్ 11న ఇవన్నీ మెయిల్‌లో అడిగాను. ఓడ దొరక్కపోతే ఏం చేస్తారని కూడా అడిగాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది: ‘ఓడ లేకపోతే హెలికాప్టర్ ఏర్పాటు చేస్తాం.’ హట్ బేకి హెలికాప్టర్ ఉన్నమాట నిజమే. అందులో మనిషికి అనుమతించే సామాను అయిదు కిలోలు. సీట్లు కొన్నే, రోగులూ దీవివాసులూ ముందు. మా దగ్గరున్నవి నాలుగు బోర్డులు, వాటిలో ఎనిమిది అడుగుల ఫోమ్ బోర్డు ఒక్కటే ఆ బరువు దాటుతుంది. బరువు సంగతి సరే, అంత పొడవున్నదాన్ని ఎక్కడ పెడతారు? ఇదే రాస్తే మీ ఉద్యోగి ‘బోర్డులు అక్కడే అద్దెకు దొరుకుతాయి’ అన్నారు. ఎవరి దగ్గర, ఏ సైజు, ఎన్ని ఉన్నాయి అంటే ‘అక్కడ నెట్‌వర్క్ ఉండదు మేడమ్, కనుక్కోలేకపోతున్నాం, మీరు టెన్షన్ పడకండి’ అన్నారు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అది చేరిన దీవుల్లో లిటిల్ అండమాన్ కూడా ఉంది. ఫోన్ చేసి చూసి దొరకలేదంటే నమ్మేదాన్నేమో.

ఇంతవరకు డబ్బు, సమయం పోయే తప్పులు. అయిదో రోజు రాసింది అలాంటిది కాదు. అందుకే దీన్ని కొంచెం ఆగి చదవండి. ‘పడవలో పడమటి తీరపు రీఫ్ అలల దగ్గరకు, దారిలో డుగాంగ్ క్రీక్ గిరిజన గ్రామ సందర్శన, ఫొటోలు’ అని రాశారు. రీఫ్ అంటే నీటి అడుగున ఉండే పగడపు దిబ్బ, క్రీక్ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. డుగాంగ్ క్రీక్ ఒంగే తెగవాళ్లు ఉండే చోటు. వాళ్లు ఈ భూమి మీద మిగిలింది నూరు పైచిలుకు మంది. దీవి వైశాల్యం దాదాపు 700 చదరపు కిలోమీటర్లు. అందులో మనలాంటివాళ్లు తిరగగలిగేది హట్ బే నుంచి తూర్పు తీరం వెంబడి ఊళ్లున్న మేర మాత్రమే. మిగతాదాంట్లో చాలా భాగం ఒంగేలకు కేటాయించిన రిజర్వు. అండమాన్ నికోబార్ ఆదిమ తెగల రక్షణ నిబంధనలు 1956 నుంచీ ఉన్నాయి. అనుమతి లేకుండా రిజర్వులోకి వెళ్లడం జైలు దాకా తీసుకెళ్లే నేరం. ఫొటోలు తీయడం ఇంకో నేరం. అనుమతి తీసుకున్నారా అని అడిగితే మీ ఉద్యోగి ‘లోకల్ బోటువాళ్లు మేనేజ్ చేస్తారు’ అన్నారు. ఈ మాట చాట్‌లో ఉంది. పట్టుబడితే కేసు మా మీద, ఆ బోటువాళ్ల మీద పడుతుంది. పట్టుబడకపోయినా మనుషులను చూపించే వస్తువుల్లా ప్యాకేజీలో పెట్టి అమ్మడం నాకు సిగ్గుగా అనిపించింది. నాకు అలలు కావాలి. దానికోసం వాళ్ల ఇంటి ముంగిట్లో కెమెరాతో నిలబడక్కర్లేదు.

అదే రోజు పొద్దున్న కొత్తవాళ్లకు ‘క్రీక్ నోటి దగ్గర ప్రశాంతమైన నీటిలో ప్యాడ్లింగ్ ప్రాక్టీస్’ కూడా పెట్టారు, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని తోసుకుంటూ వెళ్లడం. అండమాన్ క్రీకుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. ప్రాక్టీస్‌కి అంతకంటే పనికిరాని చోటు ఆ దీవిలో ఇంకోటి ఉండదు. రీఫ్ సంగతి కూడా అంతే. ఆటు సమయంలో నీళ్లు తగ్గి పగడపు రాయి మీద మోకాలి లోతే మిగిలితే, పడినవాళ్ల ఒళ్లు చీరుకుపోతుంది. ఆటుపోట్ల వేళలు 14 పేజీల్లో ఒక్క చోటా లేవు. దెబ్బ తగిలితే ఎటు తీసుకెళ్లాలో లేదు. రాత్రి భోజనంలో ఏ చేప పెడతారో మాత్రం రోజువారీగా ఉంది.

నవంబర్ 15న ‘సవరించిన ప్లాన్’ పంపారు. పక్కపక్కన పెట్టి చూశాను. కవర్ ఫొటో మారింది. రాధానగర్ అలాగే ఉంది. డుగాంగ్ క్రీక్ అలాగే ఉంది. నాలుగు రోజులు చూసి 19న రద్దు చేసుకున్నాం.

మీ షరతుల్లో 30 రోజుల్లోపు రద్దుకు అడ్వాన్సులో సగం కోత అని ఉన్నమాట నేను కాదనను. మేం మనసు మార్చుకుని మానేస్తే ఆ షరతు వర్తిస్తుంది. ఇచ్చిన సేవే పనికిరానిదైతే దాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సేవా లోపం అంటుంది. ప్లాన్ ట్రిప్‌కు సరిగ్గా 31 రోజుల ముందు మాత్రమే పంపి, ఆ తర్వాత 30 రోజుల షరతు చూపించడం కూడా గమనించమని కోరుతున్నాను. పూర్తిగా చదివి ప్రశ్న అడిగే లోపే గడువు దాటిపోయింది.

కాబట్టి మిగిలిన 46,000 రూపాయలు, ప్లాన్ ఫీజుతో సహా, మేం కట్టిన ఖాతాకే తిరిగి పంపండి. కూపన్లు, వచ్చే ట్రిప్‌లో తగ్గింపు లాంటివి వద్దు. ఇంకొకటి: ఆ అయిదో రోజు కార్యక్రమం మీ వెబ్‌సైట్‌లో ఇంకా అమ్మకానికి ఉంది, ఈ పొద్దున్న కూడా చూశాను. దాన్ని వెంటనే తీసేయండి. మా డబ్బు కంటే ముందు ఆ పని చేసినా నాకు అభ్యంతరం లేదు.

ఆన్‌లైన్ వ్యాపారాలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అక్కడికి వెళ్లాలని నాకు సరదా ఏమీ లేదు. ఆ తిరుగుడుకు పెట్టే సెలవులు ఏప్రిల్‌కు దాచుకోవాలని ఉంది.

జతచేసినవి: రెండు ప్లాన్‌ల పీడీఎఫ్‌లు (తప్పులు ఎర్ర గీతతో గుర్తించాను), సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు చాట్, మెయిళ్లు, మూడు చెల్లింపు రసీదులు.

ఇట్లు,
మా నలుగురి తరఫున,
బుకింగ్ చేసిన మీ కస్టమర్

తా.క.: నిన్న రాత్రి మీ దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ‘మీ లిటిల్ అండమాన్ ట్రిప్ ముగిసింది! ఎలా సాగిందో 5కి ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని. పైన రాధానగర్ సూర్యాస్తమయం ఫొటో.